మా తాత చెప్పిన జపాను సినిమా

మా చిన్నప్పుడు... అమావాస్య వస్తే సిద్దిపేటలో మా వాడంతా నిశ్శబ్దం. ఆ రోజు మగ్గం మీద కూర్చోకూడదు. సీడీ ప్లేయర్ ఉన్నది మా ఇంట్లోనే... బాపు, అంటే మా నాన్న, దుబాయి నుంచి పంపించింది. అందుకే మధ్యాహ్నం అన్నాలు కాగానే అందరూ మా అర్రలో చేరేవారు.

ఒక అమావాస్యకు మా చిన్నబాపు కత్తియుద్ధం సినిమా అని ఒక సీడీ కిరాయికి తెచ్చాడు. కవరు మీద మన హీరోనే, గుర్రం మీద. లోపల సీడీ మాత్రం వేరే. బొమ్మ పడగానే తెలుపు నలుపుల్లో వాన, జెండాలు, గుర్రాలు... ఒక్క ముక్క అర్థం కాని భాష. అది జపాను వాళ్ల పాత యుద్ధం సినిమా అని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

"ఏం తెచ్చినవ్ రా గిది!" అని అందరూ చిన్నబాపు మీద పడ్డారు.

"కత్తులున్నయా లేవా? మూసుకొని సూడున్రి!" అన్నాడు.

"ఆగున్రి, కథ నేను చెప్త," అన్నాడు మా తాత. "మీరు ఊఁ కొట్టున్రి."

మా దగ్గర కథకు అదే కట్టుబాటు. ఊఁ ఆగితే కథ కూడా అక్కడే ఆగాలి.

"గీడు సిపాయి. పెండ్లాన్ని ఇంటికాడ ఇడిసిపెట్టి లడాయికి పోతుండు..."

"ఊఁ..."

"గా పిల్ల నొసట బొట్టు లేదేంది మామా?" అంది పక్కింటి లచ్చవ్వ.

"ఆళ్ల దేశంల పెట్టుకోరు తియ్! నువ్వు ఊఁ కొట్టు!"

అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. గడప దగ్గర చాటలో బియ్యం ఏరుతోంది. బాపు ఫోన్ చేసి నెలలు దాటింది. ఆయనతో పోయినవాళ్లకూ జాడ తెలియదు. అమ్మ ఏడ్వడం లేదు... మాట్లాడటమూ లేదు. పిలిస్తే చూసేది, అంతే.

సినిమా చివర్లో... ఆ సిపాయి ఇంటి ముందు ఇద్దరు గుర్రాలు దిగారు. ఒకతని చేతుల్లో ఇనుప టోపీ. ఆ పిల్ల దాన్ని ఒళ్లో పెట్టుకుని నోరు తెరిచింది. గొంతు రాలేదు...

తాత ఆగిపోయాడు. ఎవరూ ఊఁ కొట్టలేదు.

"ఊఁ..."

గడప దగ్గర్నుంచి. అమ్మ. తల ఎత్తకుండానే... "ఊఁ, తర్వాత ఏమైంది మామా?"

తాత మళ్లీ అందుకున్నాడు. "ఏమైతది బిడ్డా... లడాయి గెల్సిండు. టోపీ ముందుగాల పంపిండు, ఎనుకంగ ఆయన వస్తుండు. గందుకే సంబురంతోని ఏడుస్తుంది."

"ఊఁ," అంది అమ్మ.

ఇక నేను మా బాపు కూడా అట్లాగే వస్తున్నాడని వాడంతా చెప్పుకుంటూ తిరిగాను. కొన్నాళ్లకు ఫోన్ వచ్చింది... బాపు గొంతు కాదు. తర్వాత బాపు పెట్టెలో వచ్చాడు.

మొన్న గజ్వేల్‌లో నా కిరాయి గదిలో, ఫోన్‌లో ఏదో వెతుకుతుంటే ఆ సినిమా తగిలింది. ఈసారి కింద అక్షరాలు పడుతున్నాయి. టోపీ తెచ్చినవాళ్లు అనేది ఒక్కటే మాట... మాకు దొరికింది ఇదే అని. నాకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. లేచి అన్నం పెట్టుకున్నాను. తిన్నాక అమ్మకు ఫోన్ చేశాను.

"గా రోజు తాత కథ మార్చి చెప్పిండే అమ్మా."

"ఎర్కనే. సూస్తుంటే తెల్వదా?"

"మరి ఊఁ ఎందుకు కొట్టినవ్?"

అవతల కుక్కర్ కూత వేసి ఆగింది.

"నేను అనకపోతే ముసలాయన గాడనే ఆగిపోతుండె... మీ బాపు ఆయనకు కొడుకాయె."

ఇప్పుడు తాత లేడు. వాడలో మగ్గాలూ లేవు, అమావాస్య ఎప్పుడొచ్చి పోతుందో తెలియదు. ఎవరి ఫోన్ వాళ్లది, ఎవరి ఇయర్‌ఫోన్లు వాళ్లవి... కథలన్నీ ఉన్నవి ఉన్నట్టుగానే అర్థమవుతున్నాయి.

మీ ఇంట్లో ఊఁ కొట్టేది ఎవరు? కింద రాయండి... నేను ఊఁ కొడతాను.