తాకట్టు షాపు ముందు మా కారు

టైరులో మేకు దిగకపోతే నేను ఆ షాపు గడప తొక్కేవాణ్ణే కాదు. న్యూజెర్సీలోని పిస్కాటవేలో మా అమ్మాయిని శనివారం కూచిపూడి క్లాసులో దింపి వస్తుంటే ముందు చక్రం కూర్చుండిపోయింది. టైర్ల షాపతను నలభై నిమిషాలు పడుతుందన్నాడు. అతని దగ్గర ఉన్నది ఒకటే కుర్చీ, దాని మీద ఒక పెద్ద కుక్క పడుకుని ఉంది. బయట ఫిబ్రవరి చలి. పక్కనే తాకట్టు షాపు కనిపిస్తే, లోపల వెచ్చగా ఉంటుంది కదా అని దూరాను.

గిటార్లు, డ్రిల్లు మెషీన్లు, ఎవరివో పెళ్ళి ఉంగరాలు. అద్దాల బల్ల అట్టడుగు అరలో, ఆకుపచ్చ గుడ్డ పరిచిన ట్రేలో, పాత జేబు చాకులు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. మడిచి పెట్టుకునే రకం. వంగి చూస్తుంటే షాపాయన వచ్చాడు. డెబ్బై దాటి ఉంటాయి, కళ్ళజోడు తాడు కట్టుకుని మెళ్ళో వేలాడేసుకున్నాడు. నేను అడక్కుండానే ఒకటి తీసి నా అరచేతిలో పెట్టాడు.

"తెరిచి చూడు."

గోటితో లాగాను. బ్లేడు నెయ్యిలో జారినట్టు జారి, చివర్లో టప్పున నిలబడింది.

"ఇప్పుడు ముయ్యి."

మళ్ళీ టప్.

"ఆ జారడం దాని నడక. ఆ చప్పుడు దాని మాట. మంచి చాకుకి రెండూ ఉండాలి," అన్నాడాయన, పెళ్ళిచూపుల్లో పిల్ల తరఫు వాళ్ళు చెప్పినంత గంభీరంగా.

నేను చాకు పట్టే మనిషిని కాను. ఇన్సూరెన్స్ కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాసుకునేవాణ్ణి. పెళ్ళయిన రెండో వారంలో ఉల్లిపాయలు తరగబోయి వేలికి కుట్లు వేయించుకున్నాక, మా ఆవిడ నన్ను కటింగ్ బోర్డు దగ్గరికి రానివ్వలేదు. అలాంటిది ఆ రోజు టైరు సంగతి మర్చిపోయి గంటసేపు చాకులు తెరుస్తూ మూస్తూ నిలబడ్డాను. ఒకటి కొనుక్కుని బయటికొచ్చాను.

ఆ తర్వాత ప్రతి శనివారం అదే పని. పిల్లని క్లాసులో దింపడం, షాపుకి వెళ్ళడం. పశువులు కాసేవాళ్ళ కోసం చేసిన మూడు బ్లేళ్ళ చాకేదో, జింక కొమ్ము పిడి ఏదో, జింక కొమ్మని చెప్పి అంటగట్టే ప్లాస్టిక్ ఏదో ఆయన ఓపిగ్గా నేర్పాడు. నాకు నచ్చేవి వస్తే పక్కన పెట్టి ఉంచేవాడు. ఆగస్టు వచ్చేసరికి నా సాక్సుల సొరుగులో పదకొండు చాకులు చేరాయి. మా ఆవిడకి తెలుసు. "ఇంట్లో కత్తులు పోగేస్తే గొడవలొస్తాయి," అని ఒకసారి అని ఊరుకుంది.

గొడవ వచ్చింది గానీ, అది కత్తుల వల్ల కాదు. కారు వల్ల.

డాన్సు క్లాసుకి మా వీధి చివర ఉండే నెల్లూరావిడ కూడా వాళ్ళ పాపని తీసుకొస్తుంది. ఆ ఆగస్టులోనే ఒక శనివారం నేను గోధుమరంగు కవరు పట్టుకుని తాకట్టు షాపులోంచి బయటికి రావడం ఆవిడ చూసింది. నేను చెయ్యి ఊపాను. ఆవిడ ఊపలేదు. కళ్ళు తిప్పేసుకుని కారు ముందుకి పోనిచ్చింది. అప్పటికే మా ఊళ్ళో నాలుగైదు కంపెనీల్లో లేఆఫ్‌లు నడుస్తున్నాయి. మన వాళ్ళ లెక్కలో తాకట్టు షాపు ముందు వరసగా కారు కనిపించిందంటే దానికి ఒకటే అర్థం.

మంగళవారం మధ్యాహ్నం ఆవిడ భర్త పులిహోర, గోంగూర పచ్చడి తెచ్చి ఇచ్చాడు. నేను ఆ రోజు ఇంటి నుంచే పని చేస్తున్నాను. తలుపు తీయగానే అతను నన్నూ నా షార్ట్స్‌నూ చూసి తల పంకించాడు.

"మేమున్నాం అన్నా. మొహమాటపడొద్దు. రెస్యూమే పంపించు, మా టీమ్‌లో కనుక్కుంటా."

మనిషిని చేర్పిస్తే అతనికి ఏదైనా రెఫరల్ బోనస్ వస్తుందేమో అనుకున్నాను. పులిహోర బాగుంది.

శుక్రవారం గుడిలో ఒకావిడ మా ఆవిడని గట్టిగా కావలించుకుని, "అరవై రోజులున్నాయిగా, ఈలోపు ఏదో ఒకటి వస్తుందిలే," అందట. నాలా హెచ్1బీ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి ఇచ్చే గడువు అరవై రోజులు. అది తెలియని తెలుగువాడు న్యూజెర్సీలో లేడు. మా ఆవిడ ఇంటికొచ్చి చెప్పులైనా విప్పలేదు.

"ఏమండీ, నా దగ్గర ఏం దాస్తున్నారు?"

"ఏం దాస్తున్నాను?"

"ఉద్యోగం ఉందా, పోయిందా?"

"పొద్దున్నేగా మీటింగ్‌లో అరుస్తుంటే నువ్వే తలుపు వేశావు!"

"మీ మాటే వినిపించింది. అవతలివాళ్ళ మాట వినిపించలేదు."

"మొన్న జీతం పడింది, చూసుకో."

"అది తీసేసేటప్పుడు ఇచ్చే సెవరెన్స్ అయ్యుండొచ్చుగా?"

ఆఖరికి లాప్‌టాప్ తెరిచి, మా మేనేజర్ నన్ను తిడుతూ ఆ రోజే రాసిన మెయిల్ చూపించాను. అది చదివాక ఆవిడ ముఖంలో కనిపించినంత సంతోషం పెళ్ళిరోజుకి నెక్లెస్ ఇచ్చినప్పుడు కూడా చూడలేదు.

ఇంట్లో నమ్మారు గానీ బయట నమ్మించడం నా వల్ల కాలేదు. "నాకు ఉద్యోగం ఉందండీ," అని నేనే ముందుగా చెప్పడం మొదలుపెట్టేసరికి, వినేవాళ్ళకి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. పాపం పైకి చెప్పుకోలేకపోతున్నాడు అనుకున్నారు. మా అమ్మాయి కూడా ఒకరోజు అన్నం తింటూ, "డాడీ, నువ్వు ఫైర్ అయ్యావా? ఇట్స్ ఓకే, నాకు డాన్స్ క్లాస్ వద్దు," అంది. దానికి క్లాస్ ఎలాగూ ఇష్టం లేదు.

ఇది ఇలా తేలదని, మా ఊళ్ళో అందరి తగవులూ తీర్చే పెద్దాయన్ని ఇంటికి పిలిచాను. ఫార్మా కంపెనీలో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న మనిషి, మాట తూకం ఎరిగినవాడు. ఆయనతో పాటు నెల్లూరావిడ భర్తా వచ్చాడు. కాఫీలయ్యాక, "నేను తాకట్టు పెట్టడానికి వెళ్ళట్లేదు అన్నగారూ, ఇవి కొనుక్కోవడానికి వెళ్తున్నాను," అని పదకొండు చాకులూ డైనింగ్ టేబుల్ మీద తెరిచి వరసగా పెట్టాను.

ఇద్దరూ చాకుల వంక చూశారు. నా వంక చూశారు. నెల్లూరతను కుర్చీ మెల్లగా వెనక్కి జరుపుకున్నాడు.

"తమ్ముడూ," అన్నాడు పెద్దాయన, చాలా మెత్తగా. "ముందు అవన్నీ మడిచెయ్యి."

మడిచాను. మర్నాటికల్లా కబురు కొత్త రూపం ఎత్తింది. ఉద్యోగం పోయింది, మతి చెడింది, ఇల్లంతా కత్తులే. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో, ఎవరి పేరూ ఎత్తకుండా, మనసు బాగోలేనివాళ్ళు ఫోన్ చేయాల్సిన నంబరు పెట్టారు. దాని కింద ముప్పై మంది దణ్ణాలు పెట్టారు.

తర్వాతి శనివారం ఆ ఇద్దరూ మా డ్రైవ్‌వేలో కారు ఆపి నా కోసం కాచుకుని ఉన్నారు. వాళ్ళు ముందే మాట్లాడుకుని వచ్చారు. మా ఆవిడ హారం నేనెక్కడో తాకట్టు పెట్టి ఉంటానని, నాతో వెళ్ళి దాన్ని విడిపించాలని వాళ్ళ పట్టుదల. హారం బీరువాలో ఉందన్నా వినలేదు. మా అమ్మాయిని క్లాసులో దింపి ముగ్గురం షాపుకెళ్ళాం.

పెద్దాయన గొంతు సవరించుకుని షాపాయన్ని అడిగాడు. "ఇతను మీ దగ్గర ఏం పెట్టాడు?"

"ఇతనా? ఇంతవరకూ ఏమీ పెట్టలేదు. పట్టుకుపోవడమే."

"అంటే?"

షాపాయన ట్రేలోంచి పసుపు పిడి చాకు ఒకటి తీసి పెద్దాయన చేతిలో పెట్టాడు. "తెరవండి."

పెద్దాయన మర్యాద కోసం తెరిచాడు. టప్. మూశాడు. టప్. ఏదో పరీక్షిస్తున్నట్టు చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ తెరిచాడు. నెల్లూరతను, "ఏదీ, ఒకసారి ఇటివ్వండి," అన్నాడు. పెద్దాయన ఇవ్వలేదు. "నువ్వు వేరేది చూసుకోవయ్యా," అన్నాడు.

మధ్యలో నా ఫోన్ మోగింది. డాన్సు టీచరు. క్లాసయిపోయి అరగంటయిందట, మా అమ్మాయి ఒక్కతే మెట్ల మీద కూర్చుని ఉందట. పరిగెత్తాను. వాళ్ళిద్దరూ కదల్లేదు.

అప్పటి నుంచి, చలికాలమంతా కూడా, మేం ముగ్గురం శనివారాలు అక్కడే కలిసేవాళ్ళం. అలా మూడు కార్లు ఆ షాపు ముందు నిలబడడం మొదలయ్యాక, పెద్దాయన ఇంటికి పాయసం వెళ్ళింది. నెల్లూరతని ఇంటికి రెండు రకాల పచ్చళ్ళు వెళ్ళాయి. ముప్పై ఏళ్ళ సర్వీసున్న పెద్దాయన్నే తీసేశారంటే ఇక మన గతేంటని మా ఊళ్ళో ఇద్దరు కుర్రాళ్ళు ముందు జాగ్రత్తగా కెనడాకి అప్లై చేశారు.

మార్చిలో నా ఉద్యోగం నిజంగానే పోయింది. సోమవారం పదిన్నరకి కాల్, పదకొండుకి లాప్‌టాప్ లాక్. మా ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. కాసేపయ్యాక పెద్దాయనకి ఫోన్ చేశాను.

"అన్నగారూ, ఉద్యోగం పోయింది."

"అవును తమ్ముడూ, విన్నాం కదా."

"అప్పుడు కాదు. ఇప్పుడు. ఈరోజు."

"సరేలే, ఎన్నాళ్ళని దాన్నే తలుచుకుంటావు," అన్నాడాయన ప్రేమగా. "శనివారం వస్తున్నావుగా?"

ఇంకో ఇద్దరికి చెప్పి చూశాను. ఒకరు, "ఇప్పటికైనా పైకి చెప్పుకున్నావు, మంచిది," అన్నారు. ఇంకెవరికీ చెప్పలేదు. భయం మాత్రం నిజంగానే వేసింది. రోజూ పొద్దున లేచి క్యాలెండరులో రోజులు లెక్కపెట్టేవాణ్ణి, నలుగురైదుగురు కూర్చున్న ఇంటర్వ్యూ కాల్స్‌లో నవ్వు ముఖం పెట్టేవాణ్ణి, ఫోన్ పెట్టేశాక బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని నిలబడేవాణ్ణి. ఏడో వారంలో జెర్సీ సిటీలో ఒక బ్యాంకువాళ్ళు తీసుకున్నారు. గడువుకి ఐదు రోజుల ముందు వీసా కాగితాలు ఫైల్ అయ్యాయి.

ఆ కబురు మాత్రం అందరూ వెంటనే నమ్మారు. "ఆగస్టు నుంచీ అంటే తొమ్మిది నెలలు. నీ ఓర్పుకి దణ్ణం," అన్నారు. ఆ వారం నుంచీ మా ఇంటికి ముక్కూ మొహం తెలియని కుర్రాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. అరవై రోజుల గడువు మీద తొమ్మిది నెలలు ఎలా నెట్టుకొచ్చానో చెప్పమని, వీసా పనులు చూసే మా అటార్నీ నంబరు ఇవ్వమని. అలాంటి అటార్నీ ఎవరూ లేరని చెప్తే, "పోనీ లెండి అన్నా, చెప్పకూడదని అగ్రిమెంట్ ఉండుంటుంది," అని పెట్టేస్తున్నారు.