ఆవు పాలు ఎవరికి?

తొంభైల చివర్లో మా యూనివర్సిటీ ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ ఒక విదేశీ విశ్వవిద్యాలయంతో కలిసి వయోజన విద్య ప్రాజెక్టు చేపట్టింది. అరకు చుట్టుపక్కల కొండల్లో చదువు కేంద్రాలు నడపాలి, ఏడాది చివర పరీక్ష పెట్టి ఫలితాలు వాళ్లకు పంపాలి. ప్రశ్నపత్రం రాసింది నేనే, జవాబుల పట్టికా నాదే. విశాఖలో ఫ్యాను కింద కూర్చుని ఒక్క మధ్యాహ్నంలో ముగించి, ఎంత తేలిగ్గా రాశానో అని మురిసిపోయాను కూడా.

హుకుంపేట అవతల ఒక ఊళ్లో, పదో తరగతి చదివిన ఒక కోడలు పిల్ల కేంద్రాన్ని నడిపేది. కాఫీ తోటల్లో పని చేసి వచ్చిన ఆడవాళ్లను ఇంటింటికీ తిరిగి బతిమాలి, బడి వరండాలో కూర్చోబెట్టేది. కాపీ జరిగిందని తేలితే ఆ కేంద్రాన్ని మూసేయాలన్నది మా రూలు. ఆ రూలు తల్చుకుని ఆ పిల్ల పరీక్షరోజు పొద్దున్నుంచీ హడలిపోతూనే ఉంది.

పరీక్ష అయ్యాక అక్కడే దిద్దడం మొదలుపెట్టాను. ఆవు బొమ్మ కింద 'ఆవు పాలు ఎవరికి?' అన్న ప్రశ్న. నా పట్టికలో జవాబు 'మనకు'. మొదటి కాగితంలో 'దూడకి' అని ఉంది. రెండోదాంట్లోనూ అదే. పద్నాలుగు మందీ 'దూడకి' అనే రాశారు. నాకు ఒళ్లు మండింది. తప్పు చేస్తే తలోరకంగా చేస్తారు గానీ, అందరికీ ఒకే తప్పు ఎలా వస్తుంది? ఎర్ర సిరాతో ప్రతి కాగితం మీదా 'కాపీ' అని పెద్దక్షరాలతో రాసి, ఆ పిల్లను పిలిచాను.

"జవాబు నువ్వే చెప్పావు కదూ?"

"నేదు మేడం, నానేటీ సెప్పనేదు." కళ్లలో నీళ్లు తిరిగాయి. "సెంటరు తీసెయ్యకండి మేడం. ఆళ్లు ఇప్పుడిప్పుడే సదువుతన్నారు."

నేను వినలేదు. కోపం వస్తే నాకు చెవులు పనిచేయవు. ముందు వరసలో కూర్చున్న ముసలావిడ లేచి వచ్చి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది.

"గుంటని తిడతావేటమ్మా?"

"పాలు దూడకని మీకెవరు చెప్పారు?" అని ఆవిడ మీదా ఎగిరాను.

"ఎవులు సెప్పాల? దూడ తల్లి పాలు దూడవి కావా? మనం పితికీసుకుంటే అదేటి తాగుతాది?"

వరండా అంతా నవ్వింది. ఆ ఊళ్లో ఆవును పితకరని నాకు అప్పుడు తెలిసింది. ఏడాదిగా అక్కడికి వెళ్తున్నాను. నాకిచ్చిన టీలో ఒక్కసారీ పాలు లేవు. పాపం, పేదవాళ్లు అని జాలిపడ్డానే తప్ప, ఎందుకని అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మాతో వచ్చిన విదేశీ ప్రొఫెసర్ జీపు దగ్గర ఉన్నాడు. వెళ్లి, తప్పు వాళ్లది కాదు, నా పట్టికది అని చెప్పాను. ఆయన అంతా విని, అయితే పట్టికే మారుద్దామన్నాడు. కేంద్రానికి ఢోకా లేదని చెప్పగానే ఆ పిల్ల వరండా స్తంభానికి ఆనుకుని ఏడ్చేసింది. నేను ఆమె చేయి పట్టుకుని, క్షమించమన్నాను.

ఎర్ర రాతలు కొట్టేద్దామని వెనక్కి తిరిగేసరికి, కాగితాలు అప్పటికే వాళ్ల చేతుల్లోకి వెళ్లిపోయాయి. ముసలావిడ నా అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుంటోంది.

"కా... పీ. కాపీ!"

ఆ వైపు కాఫీని కాపీ అనే అంటారు. "మన తోటల పంట పేరు రాసింది మేడం!" అంటూ పక్కవాళ్లకు చూపించింది. ఆ మాట వాళ్ల పాఠాల్లో ఎక్కడా లేదు.

"ఇలా ఇవ్వమ్మా, పొరపాటున రాశాను, కొట్టేస్తాను" అన్నాను కలం తీసి.

ఆవిడ కాగితాన్ని గుండెకు హత్తుకుంది.

"కొట్టెయ్యకమ్మా. ఎవులూ సెప్పకుండా నాను సదివిన మాట ఇది."