జిగురు ఆరేదాకా

అశోక్‌నగర్‌లో నేను పోటీ పరీక్షలకు చదివేటప్పుడు మా ఓనరాంటీ తేలికైన బాల్సా చెక్కతో బుల్లి విమానాలు చేసేది. సన్నటి చెక్కను వేడినీళ్లలో నానబెట్టి, ఇడ్లీ గిన్నె చుట్టూ వంచి, బట్టల క్లిప్పులు పెట్టేది. "జర ఆగు బిడ్డా, అదే వంగుతది" అన్నది ఆమె ఊతపదం.

మూడోసారి ఫెయిలయ్యాక, గది ఖాళీ చేస్తానని చెప్పడానికి వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే, చేస్తున్న విమానం రెక్క పట్టుకోమంది. నా చేతిలో అది పుటుక్కున విరిగింది. ఆమె జిగురు రాసి అతికించింది.

"ఆరినంక ఎగరేద్దాం. అందాక ఉండు."

మర్నాడు డాబా మీంచి ఎగరేస్తే విమానం ఎదురింటి గోడకు కొట్టుకుంది. ఆమె ముక్కలు ఏరుకొచ్చింది.

"ముక్కు పోయింది, తోక పోయింది. నువ్వు విరగ్గొట్టిన కాడ మాత్రం గట్టిగనే ఉంది, చూడు."

నేను గది మాట ఎత్తలేదు. కొత్త చెక్క నానబెట్టడానికి నీళ్లు కాచాను.