మ్యాన్‌హోళ్ల చుట్టం

మురుగు మావయ్య ఎదుటి మనిషిని ఎలా ఉన్నావని అడగడు. ఆ మనిషి ఇంటి మురుగును అడుగుతాడు.

ల్యాబుకు మురుగు నమూనాలు తెచ్చే ఉద్యోగం ఆయనది. వారానికోసారి ఒక్కో మ్యాన్‌హోల్ మూత తీసి, తాడు కట్టిన సీసాను లోపలికి దింపి, అది నిండేదాకా కబుర్లాడతాడు. కొత్తవాళ్లు ఫోన్లో మాట్లాడుతున్నాడనుకుంటారు. పాతవాళ్లు పక్క వీధిలోంచి పోతారు.

“ఆస్పత్రి వెనక పెద్దమ్మ నీరసంగా ఉందమ్మాయ్. బస్టాండు బావ మాత్రం నిన్న గట్టిగా తిన్నాడు,” అంటూ పదమూడు సీసాలు బల్ల మీద పేరుస్తాడు.

వాటిని అందుకునేది సీక్వెన్సింగ్ చేసే అమ్మాయి. మురుగులోని వైరస్‌ల జన్యువులను యంత్రం అక్షరం అక్షరం చదువుతుంది. ఊళ్లో ఏ జబ్బు తిరుగుతోందో ఆమె చెబుతుంది. ఈ ఊరొచ్చి ఐదు నెలలయింది. భర్త ఉద్యోగం వేరే ఊళ్లో. పగలు క్రెష్‌లో ఉండే ఏడు నెలల పాపే సాయంత్రాలు ఆమె కబుర్లకు దిక్కు. ఆ పాప కూడా సగంలోనే నిద్రపోయేది.

సీసాల మీద నంబర్లు రాయాలన్నది నియమం. మావయ్య వరసలు రాస్తాడు. ఒకసారి ఆ వరసలు అలాగే రిపోర్టులోకి ఎక్కాయి. ఆరోగ్యాధికారి ఫోన్ చేశాడు.

“పిన్నికి విరేచనాల వైరస్ అని రాశారు. ఆవిడ అడ్రస్ చెప్పండి, అంబులెన్స్ పంపిస్తాను.”

“పంపినా ఎక్కదు సార్. పిన్ని మార్కెట్ వెనక మ్యాన్‌హోల్.”

ఆ రోజు ఆమె చాలా కాలానికి నవ్వింది. మావయ్య మాత్రం, “అంబులెన్స్ అన్నాడా? మంచివాడే,” అన్నాడు.

ఓ సోమవారం ‘మనవరాలు’ అని రాసిన సీసాలో తట్టు వైరస్ బయటపడింది. ఆ మ్యాన్‌హోల్ ఎక్కడిదో చూద్దామని ఆమె ఆఫీసు జాబితా తీసింది. అందులో ఉన్నవి పన్నెండే.

“మావయ్యా, ఈ మనవరాలెవరు?”

ఆయన తల గోక్కున్నాడు. “మీ వీధి చివర ఉంటుందే, అది.”

ఆమె వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది. పాపకు తట్టు టీకా వేయించాలంటే ఇంకా రెండు నెలలాగాలి.

“అక్కడ ఎవరు తీయమన్నారు?”

“దారిలో ఉందని తీశాను.”

“మీ దారి అటు కాదు కదా!”

ఆయనకు వెంటనే వేరే పని గుర్తొచ్చింది.

యంత్రం ఆ వైరస్‌ను పూర్తిగా చదవడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆమె సెలవు పెట్టి పాపను క్రెష్‌కు పంపకుండా ఉండాలనుకుంది. కానీ ఆ యంత్రాన్ని నడపడం తెలిసింది తనొక్కదానికే. పాపను చంకనేసుకునే ల్యాబు బయటి గదిలో కూర్చుంది. గంటకోసారి జ్వరం చూసింది. గంటకోసారి మావయ్య వచ్చాడు.

“ఇంకా చదవలేదా?”

“అది పేపరు కాదు మావయ్యా, హెడ్డింగులు చూసి వదిలేయడానికి!”

బుధవారం మధ్యాహ్నం ఫలితం వచ్చింది. ఆమె దాన్ని మూడుసార్లు చదువుకుని, మావయ్యను పిలిచింది.

“ఇది జబ్బు చేసే తట్టు కాదు. టీకాలో ఉండే బలహీనపు వైరస్. మా వీధిలో ఎవరో పిల్లలకు ఈమధ్యే టీకా వేయించారు. దాని ఆనవాళ్లే మురుగులోకి వచ్చాయి.”

“అంటే మనవరాలికి ఏమీ లేదుగా?”

“మ్యాన్‌హోల్‌కా? మా పాపకా?”

మావయ్య నేల చూపులు చూశాడు.

“మీరొచ్చిన వారం నుంచే తీస్తున్నానమ్మాయ్. పిల్లనెత్తుకుని ఒక్కదానివే వస్తావు, ఒక్కదానివే పోతావు. ఎలా ఉన్నావని అడుగుదామని మీ ఇంటి మెట్ల దాకా వస్తాను. నోరు పెగలదు. అందుకని మీ వీధి మురుగును అడిగాను.”

ఈ ఊళ్లో తనను ఎవరూ పట్టించుకోలేదని ఆమె అనుకున్న ఐదు నెలలూ, ఒక మనిషి తన వీధి చివర వంగి, తాడు పట్టుకుని, తన క్షేమం కనుక్కుంటూనే ఉన్నాడు.

“మరి మీరెలా ఉన్నారు మావయ్యా?”

ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినో అడిగిందేమోనని.

“నేనా? మా ఇల్లు ఊరి చివర. నాది సెప్టిక్ ట్యాంకు. కాలువలో కలవదమ్మాయ్.”

“అయితే నోటితోనే చెప్పాలి. కూర్చోండి.”

ఆమె కుర్చీ జరిపింది. ఆయన దాని అంచున కూర్చుని, గొంతు సవరించుకుని, మోకాలి నొప్పితో మొదలుపెట్టాడు. సాయంత్రం ల్యాబుకు తాళం వేసే వేళకు ఇంకా రెండో మోకాలికి రాలేదు.