రెండు ఒళ్లు కావాల్సిన పిల్లి

యాభై దాటాక ఫ్యూ తిన్ పెళ్లి చేసుకుంటుందని ఇన్లే సరస్సు మీద ఎవరూ అనుకోలేదు. చెల్లెలు చో న్వే అసలే అనుకోలేదు.

అక్కచెల్లెళ్లిద్దరూ నీళ్లలో పాతిన గుంజల మీద కట్టిన ఆ ఇంట్లోనే పుట్టి పెరిగారు. తామర కాడల్లోంచి నూలు తీయడం వాళ్ల పని. కాడకు చుట్టూ చిన్న గాటు పెట్టి, విరిచి, మెల్లగా లాగితే సాలెగూటి కన్నా సన్నని పోగులు సాగుతూ వస్తాయి. వాటిని తడి బల్ల మీద అరచేత్తో పేనాలి. ఒకరు లాగితే ఒకరు పేనేవారు. రాత్రి ఒకే చాప మీద వీపుకు వీపు ఆనించి పడుకునేవారు. అలాంటి అక్క, ఊ బా తేన్ అనే మితభాషి ఉల్లిపాయల వ్యాపారిని చేసుకుని కొండ మీది టౌంజీకి వెళ్లిపోయింది. పెళ్లిలో అందరికంటే ఎక్కువ నవ్వింది చో న్వేనే. ఆ మర్నాటి నుంచి ఆమె వీపుకు చలివేయడం మొదలైంది.

పొద్దున్నే పొగమంచులో సరస్సు కనిపించేది కాదు. పడవలు ఆకాశంలోంచి వచ్చి ఆకాశంలోకి పోతున్నట్టుండేవి. చో న్వే కాడ విరిచి, పోగు లాగి, అందుకోమని చెయ్యి చాచేది. అటు పక్క ఎవరూ ఉండేవారు కాదు.

పక్కింట్లో ఉండే మా ఓన్ అనే ఆమె ఒకరోజు టమాటాల పడవ ఆపి, "పిన్నీ, ఓ పిల్లిని తెచ్చుకోరాదూ?" అంది.

"మా ఇంట్లో ఎలుకల్లేవే."

"ఎలుకల కోసం కాదు. నిన్న నువ్వు బల్లితో మాట్లాడుతుంటే మా ఆయన విన్నాడు. పాపం, అది జవాబు కూడా చెప్పడం లేదట."

చో న్వేకి కోపమొచ్చింది. కానీ ఆ మధ్యాహ్నమే ఎండుచేపలు మూటగట్టుకుని నీళ్ల మధ్య ఉన్న చెక్కల ఆశ్రమానికి పడవ తోసింది.

అక్కడ పిల్లులకు కొదవలేదు. కిటికీల్లోంచి పడిన ఎండ ఎక్కడుంటే అక్కడ ఒకటి పరుచుకుని ఉంది. చో న్వే మనసు తెల్లటి, బొచ్చుతోకదాని మీదికి పోయింది. వంగి ఎత్తుకోబోతే అది లేచి, ఒళ్లు విరుచుకుని, పరాయి మనిషిని చూసినట్టు చూసి వెళ్లిపోయింది. నలుపూ తెలుపూ మచ్చలది వచ్చి చేప తిని, మూతి తుడుచుకుని తన దారిన పోయింది. ఇంకోదాన్ని ఎత్తుకుంటే కట్టెలా బిగుసుకుపోయింది.

జపమాల తిప్పుకుంటున్న ముసలి భిక్షువు నవ్వాడు. "పట్టుకోవడానికి పోకమ్మా. కూర్చో. నీకే పనీ లేనట్టు కూర్చో."

కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు. పలకల సందుల్లోంచి కింద నీళ్లు కదులుతుంటే నేలంతా ఊగుతున్నట్టుంది. కళ్లు మూతలు పడే వేళ బరువైనదేదో ఒళ్లోకి ఎక్కింది. చెవి చివర తెగిన, పసుపురంగు పిల్లి. పొట్లకాయలా ఎంత పొడుగుందో! ఎత్తుకుంటే తడిబట్టలా జారిపోయి, మొహం ఆమె చంకలో దూర్చి, దూరాన పోయే మోటారు పడవలా గుర్రుమంది.

"ఇదిస్తారా భంతే?"

"ఇవ్వడానికి నాదేముంది? అదే వస్తుంది. ఒక్కమాట మాత్రం ముందే చెబుతున్నా తల్లీ. ఇది నిన్ను పని చేసుకోనివ్వదు."

ష్వే వా అని పేరు పెట్టుకుంది. భిక్షువు చెప్పింది అక్షరాలా నిజమైంది. పొద్దున్నే చెంపలకు బెరడు గంధం రాసుకుని కూర్చోవడం ఆలస్యం, గరుకు నాలుకతో దాన్నంతా నాకేసేది. గిన్నె నిండా మంచినీళ్లు పెడితే వాసన చూసి వదిలేసి, ఆమె చేతులు తడుపుకునే నీళ్లే తాగేది. ఇంటి ముందు ఎవరి పడవ ఆగినా ఎక్కి ముందు కొమ్మున కూర్చునేది, ఊరి పెద్దలా. సంత దాకా పోయి, ఇంకెవరి పడవలోనో తిరిగొచ్చేది.

అన్నిటికన్నా పెద్ద తంటా దాని నిద్ర. ఒక ఒళ్లు దానికి చాలదు. తల చో న్వే ఒళ్లో పెట్టి, వెనక సగానికి చోటు కోసం అటూ ఇటూ వెతికేది. దొరక్కపోతే లేచి ఏడ్చేది. దిండు పెడితే తన్నేసింది. బుట్ట పెడితే అలిగింది. చివరికి వేడి టీ కూజాకు పాత లుంగీ చుట్టి పక్కన పెడితే, అదీ ఒక మనిషే అనుకుందో ఏమో, నడుము దాని మీద వాల్చి కళ్లు మూసింది.

కొత్త ఏడాది నీళ్ల పండగకి అక్క ఒంటరిగా వచ్చింది. వచ్చి చెల్లెలి పక్కన కూర్చుందో లేదో పిల్లి ఇద్దరి ఒళ్ల మీదా అడ్డంగా పరుచుకుని క్షణంలో నిద్రపోయింది. ఫ్యూ తిన్ చెయ్యి దాని వీపు మీద ఆగిపోయింది.

"బావగారెలా ఉన్నారక్కా?"

"మంచివాడే."

"మంచివాడే అంటే?"

"పొద్దున్నే టీ పెట్టి, నా పక్కన పెట్టి, పిల్లిలా పోతాడు. సాయంత్రం ఆయన కుర్చీ ఆ గోడకి, నా కుర్చీ ఈ గోడకి. మధ్యలో ఉల్లిబస్తాలు. నాకు సిగ్గు, ఆయనకు నాకంటే సిగ్గు. ఈ వయసులో ఎవరు ముందు లేచి బస్తాలు దాటతారే?"

ఇద్దరూ నవ్వారు. పిల్లి కదిలింది. నవ్వు అయిపోయాక అక్క కళ్లు తుడుచుకోవడం చో న్వే చూసింది. "నేనడక్కూడదు గానీ..." అని ఫ్యూ తిన్ ఏదో అనబోయి, పిల్లి చెవి నిమురుతూ ఊరుకుంది. చో న్వేకి అర్థమైంది. అర్థం కానట్టు ఊరవేసిన తేయాకు వడ్డించింది.

మర్నాడు అక్కను తీసుకెళ్లడానికి పడవ రాగానే ష్వే వా ఎప్పటిలా దూకి కొమ్మున కూర్చుంది.

"దిగవే!" అంది ఫ్యూ తిన్. దిగలేదు. "నువ్వు పిలువు, వస్తుంది."

పేరు చో న్వే గొంతు దాకా వచ్చింది. నోరు తెరిస్తే చాలు. "పోనీలే అక్కా," అంది. "అదీ కొండలు చూస్తానంటోంది."

"మరి నువ్వో?"

"నాకు బల్లి ఉందిగా."

పడవ పొగమంచులోకి వెళ్లింది. ముందు పిల్లి, తర్వాత అక్క, ఆఖర్న మోటారు చప్పుడు మాయమయ్యాయి. చో న్వే మెట్టు మీదే చాలాసేపు నిలబడింది. ఆ రోజు లాగిన పోగు లాగినట్టే తెగింది. గంధం చెంప మీదే ఆరి పొడిపొడిగా రాలింది. నిద్రలో సరస్సంతా పసుపు పచ్చగా, వెచ్చగా, గుర్రుమంటూ ఆమెను మోసుకుపోయేది. మెలకువ వస్తే కింద నీళ్లు గుంజలకు తగులుతున్న చప్పుడు.

వానలకు ముందు ఇక ఉండబట్టలేక లారీ ఎక్కి టౌంజీ వెళ్లింది. గుమ్మంలో ఉండగానే లోపలినుంచి మగగొంతు వినిపించింది.

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు? అవి నేను మొహం కడుక్కునే నీళ్లు! తాగే నీళ్లు అక్కడున్నాయి. నీకు కళ్లు లేవూ? ఏమే, విన్నావా, మళ్లీ నావే తాగుతోంది నీ కూతురు!"

"మీ కూతురేనండీ అది, నా మాటెప్పుడు వింది?" అంటోంది అక్క వంటింట్లోంచి.

చో న్వే తెల్లబోయింది. మరదల్ని చూడగానే ఊ బా తేన్ తువ్వాలు చాటున మొహం దాచుకున్నాడు.

గోడలకున్న కుర్చీలు లేవు. ఉల్లిబస్తాలు పెరట్లోకి పోయాయి. గది మధ్యలో కొత్త చెక్కబెంచీ ఉంది.

"ఒక ఒళ్లు చాలదుగా దానికి," అంది ఫ్యూ తిన్ ఎర్రబడుతూ. "మొదట కుర్చీలు దగ్గరకు లాగాం. మధ్యలోంచి జారిపడిపోయేది. చివరికి మీ బావే కూర్చుని ఈ బెంచీ చేశాడు."

ష్వే వా పరుగున వచ్చి చో న్వే చెంప రెండుసార్లు నాకింది. ఆమె ప్రాణం లేచొచ్చింది. తర్వాత అది తాపీగా వెళ్లి బెంచీ మీద అక్కాబావల మధ్య పడుకుంది. చో న్వేకి సంతోషం వేసింది, గుండెలో ముల్లులా కూడా గుచ్చుకుంది. రెండూ ఒకేసారి.

ఉన్నన్నాళ్లూ ఉండి బయల్దేరే పొద్దున ఫ్యూ తిన్ పిల్లిని బుట్టలో పెట్టి తెచ్చింది. "తీసుకుపో. నీ పిల్లిని ఇన్నాళ్లు ఉంచుకున్నాను, చాలు."

ఊ బా తేన్ ఏరేసిన ఉల్లిపాయల్నే మళ్లీ ఏరుతున్నాడు. చో న్వే బుట్ట కేసి చూసింది, ఆయన చేతుల కేసి చూసింది. బుట్ట తాడు ముడి విప్పేసింది.

"మీ దగ్గరే ఉండనీ అక్కా."

లారీ హారన్ కొట్టింది. అప్పుడు ఊ బా తేన్ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా చో న్వే, వానల్లో నాకు వ్యాపారం ఉండదు. ఊరికే కూర్చోవడమే. నీకేమో అప్పుడే కాడలు ఎక్కువ కదా? నీకు అభ్యంతరం లేకపోతే... మేమే వస్తాం. ముగ్గురం." అంతసేపు మాట్లాడినందుకు ఆయనకు చెమట పట్టింది.

వాన పడ్డాక నిజంగానే వచ్చారు. నీళ్లంటే భయమున్న ఊ బా తేన్ పడవ రెండంచులూ పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. పిల్లి కొమ్మున కూర్చుని దారి చూపించింది.

ఇప్పుడు ఏటా అంతే. ఎండల్లో, చలిలో ష్వే వా కొండ మీద ఉంటుంది, వానాకాలం సరస్సు మీద. మొన్న ఒక తుంపర మధ్యాహ్నం, అక్కాచెల్లెళ్లు నూలు తీస్తుంటే ఊ బా తేన్ తనూ నేర్చుకుంటానన్నాడు. కాడలు పుట్టుక్కుమని విరిచేవాడు, పోగులు తెగిపోయేవి. "ఉల్లిపాయ కాదండీ అది!" అని ఫ్యూ తిన్ వెక్కిరించింది. ఆయన పట్టు విడవలేదు. సాయంత్రానికి ఒక్క పోగు తెగకుండా సాగుతూ, సాగుతూ వచ్చింది. ఊపిరి బిగబట్టి, దాన్నేం చేయాలో తెలియక గాలిలో పట్టుకుని నిలబడ్డాడు.

"వదలకండి బావగారూ," అంటూ చో న్వే అరచెయ్యి తడుపుకుని అందుకుంది.