అక్క కత్తెర కింద పెట్టిన ఏడాది

అక్క పోయాక పరామర్శకు వచ్చినవాళ్లలో సగం మంది ఆమె కత్తిరించిన కోటు తొడుక్కునే వచ్చారు. ఆ సంగతి వాళ్లు గమనించలేదు, నేను గమనించాను. భుజం దగ్గర బట్ట ఎక్కడా లేచి ఉండదు. చెయ్యెత్తితే కోటంతా పైకి రాదు. చూడగానే తెలిసిపోతుంది, అక్క చేతి పని అని. ఒకావిడ మాత్రం టీ కప్పు పక్కన పెట్టి నా చెవి దగ్గరకు వంగింది.

"ఏమనుకోకు గానీ, మీ అక్కకి అప్పట్లో ఏదో అయిందటగా? మనసు..."

"డిప్రెషన్ అండీ," అన్నాను, మామూలు గొంతుతోనే. "వచ్చింది, తగ్గింది. ఆ తర్వాత చాలా ఏళ్లు హాయిగా బతికింది. ఇప్పుడు పోయింది గుండె జబ్బుతో."

ఆవిడ కంగారుగా కప్పు అందుకుంది. ఇంత చిన్న జవాబుతో సరిపెట్టడం నాకు ఇష్టం లేదు. అక్క ఉంటే తనే కూర్చోబెట్టి మొత్తం చెప్పేది. ఆమె లేదు కాబట్టి నేను చెబుతున్నాను.

అక్క కోట్ల కటింగ్ మేస్త్రి. వీధిలోకి తలుపు, వెనక వంటగది, మధ్యలో పొడుగాటి బల్ల ఉన్న గది. అదే ఇల్లు, అదే దుకాణం. బావ మిషను కుట్టేవాడు. పిన్ని, అంటే మా అమ్మ చెల్లెలు, కాజాలు తీసి బొత్తాలు కుట్టేది. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దేదాన్ని. పని అవగానే నేరుగా ఆ గదికే వచ్చేదాన్ని, అంత నవ్వు మరెక్కడా దొరికేది కాదు మరి. పొట్ట లోపలికి బిగబట్టి కొలతలిచ్చే పెద్దమనుషులను అక్క వదిలేది కాదు. "ఊపిరి వదలండి సార్. కోటు వేసుకున్నాక కూడా మీరు బతికుండాలి కదా!" అనేది టేపు చేత్తో పట్టుకుని. ఆ పెద్దమనిషితో సహా అందరం పడీపడీ నవ్వేవాళ్లం.

మా వాళ్లకు ఒక అలవాటుంది. ఎవరి మీదైనా ప్రేమ పొంగితే వాళ్ల చేతిలో పని లాక్కుంటారు. కూర తరుగుతుంటే కత్తిపీట లాక్కుంటారు, బట్టలు ఉతుకుతుంటే బకెట్టు లాక్కుంటారు. "నువ్వు కూర్చో, నేను చేస్తా" అనే మాట మా ఇంట్లో ముద్దుతో సమానం. దాంట్లో ప్రమాదం ఉంటుందని ఎవరనుకుంటారు?

అమ్మ పోయిన మరుసటి ఏడు అక్క మాటలు తగ్గాయి. అమ్మ మంచాన పడి ఉన్నన్నాళ్లూ చేసింది అక్కే కాబట్టి అలసట అనుకున్నాం. తెల్లారకముందే మెలకువ వచ్చేసి, లేవబుద్ధి కాక అలాగే పడుకుని ఉండేదట. కంచంలో అన్నం కెలికి లేచిపోయేది. కుడి భుజం నొప్పి అంతకుముందు నుంచే ఉంది, అది ఇంకాస్త పెరిగింది. పెద్దమనుషులు పొట్టలు బిగబట్టినా ఆమె ఏమీ అనడం లేదు. కొలత తీసుకుని పంపేస్తోంది.

ఒకరోజు గీతల బట్ట కోటు కత్తిరించింది. గీతలు కలవాలంటే బట్టను మడవకుండా ముందు భాగాలు రెండూ విడివిడిగా కత్తిరించాలి. రెండో భాగానికి నమూనా అట్టను తిరగేసి పెట్టాలి. అక్క తిరగేయలేదు. బావ మిషను మీద పెట్టబోయి చూస్తే రెండూ ఎడమవైపులే.

"పోనీలే," అన్నాడు బావ నవ్వుతూ, "రెండు గుండెలున్నవాడెవడైనా వస్తే ఇచ్చేద్దాం."

అక్క నవ్వలేదు. ఆ రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. "నా వల్ల కావడం లేదండీ," అంది. కత్తెర బల్ల మీద పెట్టేసింది.

ఇక చూడండి మా వాళ్ల ప్రేమ. బావ కత్తెర తీసి బీరువాలో పెట్టాడు, కటింగ్ తనే నేర్చుకుంటానన్నాడు. పిన్ని వంటగది పట్టుకుంది. కొలతల టేపు నా మెడలో పడింది. అక్క కూతురు అప్పుడు హైస్కూల్లో చదువుతోంది. గలగలా మాట్లాడుతుందని దాన్ని అందరం పిచ్చుక అనేవాళ్లం. అమ్మకు జడ వేయడం కూడా అదే చేసేది. అక్కకు మిగిలింది కిటికీ పక్కన కుర్చీ ఒక్కటే. పొద్దున అందులో కూర్చుంటే చీకటి పడేదాకా అందులోనే.

కారణం గురించి ఎవరి తీర్పు వాళ్లదే.

"అమ్మ మీద బెంగ. ఇంకేం లేదు," అనేవాడు బావ.

"బెంగైతే ఏడుస్తుందిగా అల్లుడూ! ఇది వయసు. ఒళ్లు మారే వయసు. నాకూ వచ్చింది, రెండు కుండలు పగలగొట్టాను, తగ్గిపోయింది," అనేది పిన్ని.

"మీరు పగలగొట్టింది మీ ఆయన ఓపిక అని విన్నాను అత్తయ్యగారూ."

"అదీ పగిలింది. నాకు తగ్గిందా లేదా?"

బొత్తాలు వేయించుకోవడానికి వచ్చిన బడి మాస్టారు పొద్దున్నే నడిస్తే అన్నీ పోతాయని చెప్పాడు. పిచ్చుక ఏమీ అనేది కాదు. దానికి లెక్కల్లో మార్కులు తగ్గాయి, అమ్మ ఇలా కావడానికి అదే కారణమని లోపల్లోపల నమ్మింది. ఆ సంగతి చాలా తర్వాత తెలిసింది.

అక్క తీర్పు అక్కకుంది. ఒక మధ్యాహ్నం నాతో చెప్పింది.

"ఎందుకే చెల్లీ అందరూ అంత ఆలోచిస్తారు? ఇది నాన్నది. నాన్న రక్తం."

మా నాన్న బస్సు డిపోలో మెకానిక్కు. చివరి ఏళ్లలో పనికి వెళ్లడం మానేసి గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. నేను మరీ చిన్నదాన్ని, నాకు ఆ వీపు మాత్రమే గుర్తు. కంచం పట్టుకెళ్లిందీ, నిండు కంచం తిరిగి తెచ్చిందీ అక్క. ఆయన అలాగే ఉండి, జ్వరమొచ్చి పోయాడు. "మౌనం పట్టింది" అని ఊరుకున్నారు పెద్దవాళ్లు.

బావ మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరకు వెళ్దామని బతిమాలని రోజు లేదు. అక్కది ఒకటే మాట. "నాన్నకి నయమైందా? నాకెలా అవుతుంది? ఊరికే తిప్పకండి నన్ను."

ఆ మాట ఒకరోజు పిచ్చుక వింది. బడి సంచీ భుజాన ఉండగానే కుర్చీ ముందుకొచ్చి నిలబడింది.

"అమ్మా, తాతకి వచ్చింది. నీకు వచ్చింది. తర్వాత నాకేనా?"

పిన్ని చేతిలో సూది ఆగిపోయింది. "ఛీ, ఏం మాటలే అవి!" అంది. పిచ్చుక అటు చూడలేదు.

"నువ్వే అన్నావుగా రక్తం అని. నాలోనూ అదే ఉంది. నేను కూడా ఇక్కడ కూర్చోవాలా? చెప్పు, నేను ముందే తెలుసుకోవాలి."

అక్క కూతురి ముఖంలోకి చూసింది. అన్ని నెలల్లో ఆమె ఒక మనిషిని అలా తేరిపార చూడటం నేనదే మొదటిసారి చూశాను. తర్వాత కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచింది.

"ఏవండీ," అంది బావతో. "ఆ డాక్టరమ్మ ఎప్పుడుంటుంది?"

మందుల షాపు పైన మేడ మీద చిన్న గది. డాక్టరమ్మ పెద్దగా నవ్వే మనిషి కాదు, తొందరపడే మనిషీ కాదు. బావ, నేను కూడా లోపలికి వెళ్లాం, అక్క రమ్మంది కాబట్టి. బావ కూర్చుంటూనే అడిగేశాడు.

"దీనికి కారణం ఏంటండీ?"

"ఒక్కటే కావాలా?" అందావిడ. "ముందు నన్ను అడగనివ్వండి."

ఆవిడ అడగని విషయం లేదు. నిద్ర, ఆకలి, ఒంట్లో నొప్పులు, వాడుతున్న మాత్రలు, మందు అలవాటు, చిన్నతనంలో ఇల్లెలా ఉండేది, ఈ మధ్య ఎవరైనా పోయారా, మనసులో మాట చెప్పుకోవడానికి ఎవరున్నారు. ఇంతకుముందెప్పుడైనా ఇలా అయిందా అంటే అక్క లేదనబోయి ఆగింది. పిచ్చుక పుట్టాక కొన్ని నెలలు ఇలాగే ఉండేదని, పసిబిడ్డ ఏడుస్తుంటే గోడ అవతల నుంచి వింటున్నట్టుండేదని చెప్పింది. బాలింతలకు మామూలేనని అప్పుడు అందరూ అన్నారట. బావ ముఖం చూస్తే తెలిసింది, ఆయనకది కొత్త సంగతని.

"చచ్చిపోవాలనిపిస్తుందా?" డాక్టరమ్మ సూటిగానే అడిగింది.

అక్క చేతులు చూసుకుంది. "చావాలని కాదండీ. పడుకున్నదాన్ని మళ్లీ లేవకుండా ఉంటే బాగుండుననిపిస్తుంది."

బావ ఒక్కసారిగా ఆమె చెయ్యి పట్టుకున్నాడు. డాక్టరమ్మ ఆయన్ని అలాగే పట్టుకోనిచ్చి, ఆ ఆలోచన ఎంత తరచుగా వస్తుందో, ఏమైనా చేసుకోవాలనిపించిందా అని నెమ్మదిగా అడిగి తెలుసుకుంది. "ఈ మాట చెప్పడం మంచిదైంది. మళ్లీ వస్తే దాచకండి. వీళ్లకి చెప్పండి, నాకు చెప్పండి, వెంటనే," అంది.

అప్పుడు అక్క తను ఏ ప్రశ్న కోసం వచ్చిందో అది అడిగింది. "ఇది మా నాన్న నుంచి వచ్చిందా? నా కూతురికి వస్తుందా?"

"మీ నాన్నగారికి ఏ వైద్యం చేశారు?"

"ఏం చెయ్యలేదండీ. ఎవరికి తెలుసు అప్పుడు."

"వైద్యమే జరగనప్పుడు, నయం కాదని ఎలా తేల్చారు?"



ఆ తర్వాత డాక్టరమ్మ చెప్పింది నాకు బాగా గుర్తుంది, అక్క దాన్ని జీవితాంతం ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు గనుక. ఇంట్లో ఒకరికి ఉంటే మిగతావాళ్లకు వచ్చే అవకాశం కాస్త పెరుగుతుంది, అంతే. అది తలరాత కాదు. తండ్రికి ఉండీ ఏనాడూ రానివాళ్లు చాలామంది, ఇంట్లో ఎవరికీ లేకుండా వచ్చినవాళ్లూ చాలామంది. అలా వచ్చే అవకాశం ఉన్న మనిషి మీద మిగతావి వచ్చి పడతాయి. దగ్గరి మనిషి చావు, ఏళ్ల తరబడి ఒకరికి చాకిరీ చేసిన అలసట, వదలని నొప్పి, ఇంతకుముందు ఒకసారి వచ్చి ఉండటం, ఒంటరితనం. కొన్నిసార్లు ఒంట్లోనే ఏదో తేడా ఉండి ఇలాగే కనిపిస్తుంది, అందుకే రక్తపరీక్ష. ఏ ఒక్కటీ దోషి కాదు, ఏ ఒక్కరి తప్పూ కాదు.

"రోజంతా ఏం చేస్తుంటారు?" అనడిగింది చివర్లో.

"ఏమీ చెయ్యను. చెయ్యనివ్వరు," అంది అక్క. "నేను లేకపోయినా అన్నీ జరిగిపోతున్నాయి. చూస్తున్నాగా."

బావ గబగబా అందుకున్నాడు. "అయ్యో, రెస్టు కోసం..."

"రెస్టు మంచిదే," అంది డాక్టరమ్మ. "మనిషికి ఏ పనీ లేకుండా చేస్తే అది రెస్టు కాదు. ఆమెకు చేతనైనంత ఆమెకు వదిలేయండి. కొద్దికొద్దిగా."

రక్తపరీక్షలో థైరాయిడ్ తక్కువని తేలింది. పిన్ని విజయగర్వంతో చేతులు తిప్పింది. "చెప్పానా, ఒంట్లోనే ఉందని!" బావ మాత్రం ఇక ఏ తీర్పూ చెప్పలేదు. థైరాయిడ్ మందు, మనసుకు మందు, వారం వారం ఒక కౌన్సెలర్ దగ్గర కూర్చుని మాట్లాడటం, ఇవన్నీ కలిసి మొదలయ్యాయి. మందు పని చెయ్యడానికి వారాలు పడుతుందని ముందే చెప్పారు. చెప్పినా మొదటి వారాల్లో అక్క చాలాసార్లు "ఇది దండగ" అంది. బావ వాదించకుండా మాత్ర, నీళ్లు తెచ్చి పక్కన పెట్టేవాడు.

మా వాళ్లకు కష్టమైన పని వేరే ఉంది, చేతులు కట్టుకుని కూర్చోవడం. అక్క మొదట జేబు మూతలు కత్తిరించింది, చిన్న ముక్కలు. కత్తెర ఒకచోట తడబడితే పిన్ని చెయ్యి దానంతటదే ముందుకు పోయింది.

"పిన్నీ!" అంది అక్క.

"ముట్టుకోలేదే తల్లీ, దోమ వాలితే కొడుతున్నా."

"బల్ల మీద దోమేంటి పిన్నీ, కోటు కుట్టించుకోడానికి వచ్చిందా?"

మిషను ఆగిపోయింది. బావ తల దించుకుని బట్ట సర్దుతున్నట్టు నటించాడు. నేను వంటగదిలోకి పోయి, టీ పెట్టే వంకతో కాసేపు ఏడ్చుకున్నాను.

ఒక్కరోజులో బాగైపోలేదు. మధ్యలో ఒక నెల మళ్లీ కుర్చీలోకి జారింది. డాక్టరమ్మ మందు మార్చింది. మళ్లీ లేచింది. ఏడాది తిరిగేసరికి బల్ల మీద గీతల బట్ట పరిచేంత అయింది. పిచ్చుకను కూర్చోబెట్టి అంతా చెప్పింది కూడా అప్పుడే. "నీకు వస్తుందా అని అడిగావుగా. రావచ్చు, రాకపోవచ్చు. నీ మార్కులకీ దీనికీ సంబంధం లేదు. ఎప్పుడైనా నిద్ర పట్టక, ఆకలి లేక, ఏదీ పట్టకుండా వారాలు గడిస్తే మాత్రం దాచకు. జ్వరమొస్తే చెప్తావు చూడు, అలా చెప్పు."

పిచ్చుక పెళ్లయి వేరే ఊరు వెళ్లింది. దానికి మొదటి బిడ్డ పుట్టిన కొన్ని వారాలకు ఒక పొద్దున ఫోన్ చేసింది. అక్క బల్ల దగ్గరే నిలబడి మాట్లాడింది.

"అమ్మా, నాకూ మొదలైందనుకుంటా."

"నిద్ర పడుతోందా?"

"పాప పడుకున్నా నాకు పట్టట్లేదు. పాపని ఎత్తుకుంటే ఏమీ అనిపించట్లేదమ్మా. నాకు భయంగా ఉంది."

"భయపడకు. నువ్వు చెడ్డ తల్లివి కాదు, ఇది జబ్బు. మీ ఆయన్ని పక్కనే ఉండమను. డాక్టరుకి ఇవాళే ఫోన్ చెయ్యమను. నేను బస్సెక్కుతున్నా."

"నువ్వు ఏడవట్లేదేంటమ్మా?"

"ఏడవడానికేముందే, దారి తెలిసిన ఊరేగా."

ఆ మధ్యాహ్నమే నేను, అక్క వెళ్లాం. మర్నాడు ఆసుపత్రిలో అక్క మనవరాలిని ఒళ్లో పెట్టుకుని వరండాలో బెంచీ మీద కూర్చుంది. నేను పిచ్చుకతో లోపలికి వెళ్లాను. కుర్ర డాక్టరు అన్నీ అడుగుతూ, కాస్త మొహమాటంగా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటిది ఉందా అన్నాడు.

"ఉందండీ," అంది పిచ్చుక. గొంతు నీరసంగానే ఉంది గానీ ఎక్కడా తగ్గించలేదు. "మా తాతకి ఉండేది, ఆయనకెవరూ మందిప్పించలేదు. మా అమ్మకి వచ్చింది, తగ్గింది. బయటే కూర్చుని ఉంది. పిలవమంటారా?"