గడ్డకట్టిన బూడిద, అన్న చెప్పిన అబద్ధం

నిన్న మధ్యాహ్నం కడప నుంచి చెల్లెలి ఫోన్. "దాదా పోయినాడక్కా."

నూరేళ్లు దాటిన మనిషే. అయినా షాక్ తగ్గలేదు. మొన్ననే వీడియో కాల్‌లో "ఎప్పుడొస్తాండావమ్మా?" అని అడిగాడు.

మా దాదా, అంటే మా నాయన వాళ్ల నాయన, మస్తాన్. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కడప-రాజంపేట బస్సు డ్రైవర్.

అప్పట్లో పెట్రోల్ దొరక్క బస్సులు బొగ్గు గ్యాస్‌తో నడిచేవి. బస్సు వెనక పెద్ద డ్రమ్ము. అందులో కట్టెబొగ్గు కాలుతుంటే వచ్చే గ్యాస్ ఇంజిన్‌కు వెళ్లేది. మెత్తటి బూడిద అడుగున ఉన్న ఇనప జల్లెడలోంచి రాలిపోయేది.

ఆ బొగ్గు తెచ్చేది దాదా సొంత అన్న, మదార్.

ఒకరోజు రాజంపేట నుంచి వస్తుంటే, ఒంటిమిట్ట దాటాక బస్సు ఆగిపోయింది. లోపల నొప్పులు పడుతున్న ఒక అమ్మ. కడప ఆస్పత్రికి తీసుకెళ్తున్నారు.

దాదా డ్రమ్ము చల్లారేదాకా ఆగలేదు. కింది తలుపు తీసి గునపంతో పొడిచాడు. కుడిచేయి కాలింది.

బూడిద రాలలేదు. బెల్లం పాకంలా కరిగి, జల్లెడకు అతుక్కుని, రాయిలా బిగిసిపోయింది. గాలి పోయే దారే లేదు.

మిగిలిన బస్తా కుమ్మరిస్తే సగం రైలింజన్ల రాక్షసి బొగ్గు. దాని బూడిద ఆ వేడికి కరుగుతుంది. ఎర్రగుంట్ల స్టేషన్లో చవగ్గా కొని, కలిపింది మదారే.

ఆ అమ్మ రోడ్డు పక్కనే ప్రసవించింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

ఓనర్ ముందు మదార్ అన్నాడట, "వీడు బూడిద దులపడు సామీ. ఎంత చెప్పినా ఇనడు."

"అన్నా, నా మొగం సూసి చెప్పు," అన్నాడట దాదా.

చూడలేదు.

దాదా ఉద్యోగం పోయింది. "బిడ్డను సంపిన డ్రైవర్" అన్న పేరు మాత్రం మిగిలింది. ఆ మాట వినలేక బేతంచెర్ల పోయి రాళ్లు కొట్టాడు. మళ్లీ స్టీరింగ్ ముట్టలేదు.

పెళ్లాం పిల్లలు లేని మదార్ చివరికి మంచాన పడితే, ఇంటికి తెచ్చుకుని అన్నం తినిపించింది కూడా దాదానే.

"మాఫ్ చేసినావా?" అని ఒకసారి అడిగాను.

"అన్నం పెట్టినా, అన్న గదా. మాఫీ చెయ్యలే. సచ్చేదాకా ఆయప్ప నోట నిజం రాలే."

నాకూ ఆ పెద్దదాదా మీద కోపం పోలేదు. ఆయన చెప్పని మాట నేనే అందరి ముందూ చెప్తున్నా.

ఆ తప్పు నీది కాదు దాదా.

పోయిరా. అల్లా నీ మనసుకు నెమ్మదినివ్వాలి.